రిపేరు చేసిన సెట్‌కు తొలిసారి కరెంటు: సిరీస్ బల్బా, వేరియాకా, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరా? ఏది మేలు?

ఎల్‌ఈడీ టీవీ పవర్ బోర్డులో మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే పవర్ ట్రాన్సిస్టర్) మార్చారు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి డయోడ్లు మార్చారు, కొత్త ఫ్యూజు వేశారు. ఇక స్విచ్ వేయడమే మిగిలింది. కొత్తగా వేసిన పార్టులు మళ్లీ కాలిపోయేదీ, మెకానిక్‌కు కరెంటు కొట్టేదీ ఎక్కువగా ఈ దశలోనే. మాస్‌ఫెట్‌ను నడిపే పీడబ్ల్యూఎం ఐసీ లోపల దెబ్బతిని ఉంటే, స్విచ్ వేసిన మరుక్షణం కొత్త మాస్‌ఫెట్ కూడా షార్ట్ అవుతుంది.

ఈ తొలి స్విచ్‌కు షాపుల్లో మూడు సాధనాలు వాడతారు: సెట్‌కు వరుసలో కలిపే సిరీస్ బల్బు, నాబ్ తిప్పి వోల్టేజి పెంచే వేరియాక్, సెట్‌ను కరెంటు లైన్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవడం దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. సిరీస్ బల్బు సెట్‌ను కాపాడుతుంది, మనిషిని కాదు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మనిషిని కాపాడుతుంది, అదీ ఒక షరతు మీద. వేరియాక్ తనంతట తాను ఈ రెండింటిలో దేన్నీ కాపాడదు.

ముందు బల్బు సంగతి. ఫేజు వైరులో ఒక హోల్డరు, దాని తర్వాత సెట్ పెట్టే సాకెట్. బోర్డు అంతే. న్యూట్రల్, ఎర్తు నేరుగా సాకెట్‌కు పోవాలి. బల్బు ఫిలమెంట్‌దే కావాలి. ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ ఈ పనికి రావు. 100 వాట్ల బల్బు రెసిస్టెన్స్ చల్లగా ఉన్నప్పుడు సుమారు 40 ఓమ్‌లు, నిండుగా వెలిగినప్పుడు 529 ఓమ్‌లు. సెట్ బాగుంటే తక్కువ కరెంటే లాగుతుంది, ఫిలమెంట్ చల్లగానే ఉండి అడ్డు రాదు. సెట్‌లో షార్ట్ ఉంటే 230 వోల్టులూ బల్బు మీదే పడతాయి, కరెంటు 0.43 ఆంపియర్ దగ్గర ఆగిపోతుంది. ఫ్యూజు కూడా పోదు.

వెలుగును చదవడం నేర్చుకుంటే సగం రిపేరు అయినట్టే. ఒక్కసారి మెరిసి ఆరిపోతే మెయిన్ కెపాసిటర్ చార్జ్ అయిందని అర్థం, అది మంచి గుర్తు. నిండుగా వెలిగి అలాగే ఉంటే బ్రిడ్జి, మాస్‌ఫెట్, మెయిన్ కెపాసిటర్, ఫ్యూజు పక్కన ఉండే వేరిస్టర్ (అధిక వోల్టేజిని అడ్డుకునే పార్టు), వీటిలో ఏదో షార్ట్. అసలు మెరవకపోతే ఫ్యూజో, ఎన్‌టీసీనో (ఆన్ చేయగానే దూకే కరెంటును తగ్గించే రెసిస్టర్), ఫ్యూజిబుల్ రెసిస్టరో ఓపెన్, అంటే లోపల తెగింది. మెరిసి ఆరాక స్టాండ్‌బైలో ఉన్న ఎల్‌ఈడీ టీవీ ఒక వాట్‌కు అటూఇటుగా మాత్రమే లాగుతుంది కాబట్టి బల్బు చీకటిగా ఉండటం మామూలే. 5 వోల్టుల స్టాండ్‌బై సప్లై వచ్చిందో లేదో మీటర్‌తో చూడండి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ అయితే డీగాసింగ్ కాయిల్ (ట్యూబులో చేరిన అయస్కాంతత్వాన్ని తీసేసే కాయిల్) కనెక్టర్ ఊడదీసి చూడాలి. లేదంటే ఆ కాయిల్ లాగే కరెంటుకే బల్బు భగ్గున వెలిగి, లేని షార్ట్ ఉన్నట్టు చూపిస్తుంది.

ఇక లెక్క తప్పేది వాట్ల దగ్గర. 100 వాట్ల బల్బు ఉంది కదా అని సెట్‌కు 100 వాట్లు అందవు. సిరీస్‌లో దాని వెనుక ఉన్న సెట్‌కు దాదాపు 25, 30 వాట్లకు మించి చేరవు. 32 అంగుళాల టీవీ స్టాండ్‌బైకి అది చాలు. బ్యాక్‌లైట్ వెలిగేసరికి సెట్ అంతకంటే ఎక్కువ అడుగుతుంది, బల్బు వెలుగుతుంది, సెట్‌కు వోల్టేజి పడిపోతుంది, ఎస్‌ఎంపీఎస్ (మాస్‌ఫెట్‌తో నడిచే స్విచింగ్ పవర్ సప్లై) ఆగి మళ్లీ మొదలై టిక్ టిక్ మంటుంది. సెకండరీలో, అంటే సప్లై అవుట్‌పుట్ వైపున, షార్ట్ ఉన్నా ఇదే శబ్దం వస్తుంది. చాలామంది ఇక్కడే మంచి బోర్డును పాడైందని పక్కన పడేస్తారు. రెండు 100 వాట్ల బల్బులను ప్యారలల్‌గా, రెండోదానికి ఒక స్విచ్ పెట్టి బోర్డులో బిగించుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. 43 అంగుళాలు దాటిన సెట్‌లో బల్బుతో స్టాండ్‌బై వరకే చూసి, అది నిలకడగా ఉంటే నేరుగా కరెంటు ఇవ్వడం మేలు. సెట్‌టాప్ బాక్స్‌కు, డీవీడీకి 40 లేదా 60 వాట్ల బల్బు సరిపోతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఆంప్లిఫయర్‌కు, హోమ్ థియేటర్‌కు మాత్రం బల్బు చేసే మేలుకు సాటి లేదు. స్పీకర్లు తీసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేయండి. మొదట గట్టిగా మెరిసి తర్వాత ఎర్రటి మసక వెలుగుకు దిగితే భయం లేదు. సగం వెలుగులో నిలిచిపోతే ఏదో ఒక చానెల్ అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు షార్ట్ అయి ఉండొచ్చు. స్పీకర్ టెర్మినల్ మీద డీసీ చూడండి. కొన్ని పదుల మిల్లీవోల్టులు దాటి ఉంటే స్పీకర్ కలపొద్దు, వాయిస్ కాయిల్ కాలిపోతుంది.

వేరియాక్ మీద మోజు ఎక్కువ. గుండ్రటి నాబ్ తిప్పుతూ సున్నా నుంచి వోల్టేజి పెంచుకుంటూ పోవచ్చు కాబట్టి భద్రమనిపిస్తుంది. అది ఒకే వైండింగ్ ఉన్న ఆటో ట్రాన్స్‌ఫార్మర్, కాబట్టి ఐసోలేషన్ ఏమీ ఉండదు. ప్లగ్గు తిరగబడితే నాబ్ సున్నాలో ఉన్నా అవుట్‌పుట్ రెండు వైర్లలోనూ ఫేజు ఉంటుంది. అది కరెంటుకు హద్దూ పెట్టదు: షార్ట్ ఉన్న సెట్‌కు 40 వోల్టుల దగ్గరే ఎన్నో ఆంపియర్లు పంపగలదు. ఆమ్మీటర్ చూస్తూ తిప్పేవాళ్లకే అది పనిముట్టు. ఎస్‌ఎంపీఎస్ సెట్‌కు దీన్ని నెమ్మదిగా పెంచడం సరికాదు. తక్కువ వోల్టేజిలో అదే పవర్ కోసం సప్లై ఎక్కువ కరెంటు లాగుతుంది, బ్రౌన్ అవుట్ (వోల్టేజి బాగా పడిపోవడం) రక్షణ లేని పాత డిజైన్లలో ట్రాన్సిస్టరే పోతుంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న వాల్వ్ రేడియోకు, పాత ఆంప్‌కు వేరియాక్ వాడొచ్చు. రిపేరు అయిపోయాక ఇంకో పని ఉంది దీనికి. బోరు మోటార్లు ఆడే వేళ వోల్టేజి పడిపోయే పల్లెల నుంచి, కదిరి వైపు నుంచో ఆలూరు వైపు నుంచో వచ్చిన సెట్‌ను 180 దగ్గర, 200 దగ్గర కొంచెంసేపు నడిపి చూసి ఇస్తే మళ్లీ తిరిగి రాదు.

మనిషిని కాపాడే సాధనం ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్. 230 ఇచ్చి 230 తీసుకునేది, రెండు వైండింగులూ వేరువేరుగా ఉండేది. దీని అవసరం పవర్ బోర్డు వెనుక చూస్తే తెలుస్తుంది. బోర్డుకు అడ్డంగా రాగి లేని ఒక సందు ఉంటుంది. చాపర్ ట్రాన్స్‌ఫార్మర్ (ఎస్‌ఎంపీఎస్ మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్), ఆప్టోకప్లర్ (వెలుగుతో సిగ్నల్ దాటించే పార్టు), ఒక చిన్న నీలం రంగు వై కెపాసిటర్ మాత్రమే ఆ సందును దాటుతాయి. సందుకు ఇవతల, అంటే ప్లగ్గు వైపున, మెయిన్ కెపాసిటర్ మీద 325 వోల్టుల దాకా డీసీ ఉంటుంది, దాని మైనస్ కూడా ఎర్తుతో పోలిస్తే లైవే. అక్కడ ఆసిల్లోస్కోప్ (సిగ్నల్ ఆకారాన్ని తెర మీద చూపే పరికరం) గ్రౌండ్ క్లిప్పు పెడితే ఎర్తు ద్వారా షార్ట్ అయి బ్రిడ్జి పేలుతుంది. దీనికి విరుగుడుగా స్కోప్ ఎర్తు పిన్ను తెంపేవాళ్లున్నారు. అప్పుడు స్కోప్ బాడీకే కరెంటు వస్తుంది. దయచేసి ఆ పని చేయొద్దు. ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాల్సింది స్కోప్‌కు కాదు, సెట్‌కు.

షరతు ఇదీ: ఐసోలేషన్ తర్వాత ఒక పాయింటును తాకి నేల మీద నిలబడితే షాక్ రాదు, కానీ రెండు పాయింట్లను రెండు చేతులతో తాకితే అదే 230 వోల్టులు కొడుతుంది. అప్పుడు ఆర్‌సీసీబీ (లీకేజి కరెంటును పసిగట్టి సప్లై తెంచే బ్రేకర్) కూడా ట్రిప్ కాదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫార్మర్ అవతల జరిగేది దానికి కనిపించదు. అందుకే ఒక చేయి వెనక్కి పెట్టుకుని ఒక చేత్తోనే ప్రోబ్ పెట్టే అలవాటు ఇక్కడ ఇంకా ముఖ్యం. ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీకి, అంటే అవుట్‌పుట్ వైండింగుకు, ఎర్తు కలపొద్దు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఒక్క సెట్టే పెట్టాలి. కొనేటప్పుడు మీటర్‌తో ప్రైమరీకి సెకండరీకి మధ్య కంటిన్యుటీ లేదని చూసుకోండి. ఇంట్లో ఉండే స్టెబిలైజర్‌ను దీనికి బదులు వాడొద్దు: మామూలు టీవీ స్టెబిలైజర్ కూడా ఆటో ట్రాన్స్‌ఫార్మరే.

మన రాయలసీమ జిల్లాల్లో ఇంకో రెండు సంగతులు కలుస్తాయి. అనంతపురం లాంటి ఎండు నేలలో వేసవికి ఎర్తు గుంత ఆరిపోతుంది, నీళ్లు పోయకపోతే ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. అప్పుడు లీకేజికి ఎంసీబీ (ఓవర్‌లోడుకు, షార్ట్‌కు పడే బ్రేకర్) పడదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ మాత్రం ఎర్తింగ్ బలహీనంగా ఉన్నా మనిషి గుండా నేలకు పోయే కరెంటును పసిగట్టి తెంచుతుంది. రెండోది, షాపుల్లో బెంచికి కడప బండ, నేలకు బేతంచెర్ల రాయి. చెమట కాళ్లతో, తుడిచిన తడి ఆరని రాయి మీద నిలబడితే షాక్ బలంగా తగులుతుంది. బెంచి మీదా, కాళ్ల కిందా రబ్బరు మ్యాటు వేసుకోండి, చెప్పులు విడవొద్దు.

ఏది ముందు కొనాలంటే, ఆర్‌సీసీబీ, సిరీస్ బోర్డు ఒకేసారి. స్కోప్ వాడేవాళ్లు, బోర్డులో ప్రైమరీ (ప్లగ్గు) వైపు కొలతలు తీసేవాళ్లు తర్వాత 500 వీఏ ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకోవాలి. అది వచ్చాక బల్బును దాని సెకండరీ వైపు పెట్టండి. ప్రైమరీ వైపు పెడితే ట్రాన్స్‌ఫార్మర్ ఆన్ అయ్యేటప్పుడు లాగే కరెంటుకే బల్బు మెరిసి తికమక పెడుతుంది. వేరియాక్ చివరిది, ఆంప్లిఫయర్లు ఎక్కువగా వచ్చే షాపుకే.

ఈ మూడూ తీర్చలేని ప్రమాదం మెయిన్ కెపాసిటర్‌లో మిగిలిన చార్జి. సప్లై స్టార్ట్ కాని బోర్డులో ప్లగ్గు తీసి చాలాసేపైనా అది ఉండొచ్చు. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ 325 వోల్టులకు చార్జ్ అయితే దాంట్లో 5 జౌళ్లకు పైనే శక్తి ఉంటుంది. స్క్రూడ్రైవర్ పెట్టి టప్పుమనిపిస్తే రాగి ట్రాక్ లేచిపోతుంది, కెపాసిటర్ లోపల దెబ్బతింటుంది, నిప్పురవ్వ కంట్లో పడుతుంది. 10 కిలో ఓమ్‌ల 5 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కు రెండు ఇన్సులేటెడ్ ప్రోబులు కట్టుకుని, ప్లగ్గు తీశాక కెపాసిటర్ రెండు కాళ్ల మీద పది సెకన్లు పట్టుకోండి. తర్వాత మీటర్‌ను 600 లేదా 1000 వోల్టుల డీసీ రేంజిలో పెట్టి కొలవండి. రీడింగ్ 10 వోల్టుల కిందికి దిగాకే బోర్డును చేత్తో ముట్టుకోండి.