క్లచ్ మార్పించాక మొదలైన అదురు: 41,000 కిలోమీటర్ల తర్వాత రాస్తున్న సమీక్ష

నాది 2.5 లీటర్ల డీజిల్ ఇంజన్, ఐదు గేర్లు, అవసరమైనప్పుడు మాత్రమే ముందు చక్రాలను కలుపుకునే ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి. ఉద్యోగరీత్యా వారంలో మూడు రోజులు నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ ఎక్కి చింతపల్లికీ, అక్కడి నుంచి గూడెంకొత్తవీధి వైపు కాఫీ తోటలున్న ఊళ్లకూ వెళ్తుంటాను. బండితో వచ్చిన క్లచ్ 94,000 కి.మీ. నడిచింది. 2021 నవంబరులో క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెజర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ నొక్కును విడిపించే రిలీజ్ బేరింగ్ కలిపి కొత్త సెట్టు వేయించాను. అది 1,300 కి.మీ. తిరిగేసరికే మళ్లీ గేర్‌బాక్స్ దింపించవలసి వచ్చింది. రెండోసారి, అంటే 2022 జనవరిలో, అదే తయారీదారు చేసిన అదే కొలత సెట్టును వేరే మేస్త్రి చేత బిగించుకున్నాను. అది నేటికి 41,000 కి.మీ. పూర్తి చేసింది. ఒకే సరుకు ఒక చోట అంతగా ఇబ్బంది పెట్టి, మరొక చోట ఇంత చక్కగా ఎందుకు పనిచేసిందో చెప్పకపోతే ఈ సమీక్షకు అర్థం ఉండదు కాబట్టి, సెట్టు గుణదోషాల కంటే బిగింపు గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదటి బిగింపు తర్వాత కనిపించిన లక్షణం ఇది. బండి ఆగి ఉన్న స్థితి నుంచి మొదటి గేరులో కదిలేటప్పుడు, క్లచ్ సగం పట్టిన చోట, బండి మొత్తం ముందుకూ వెనక్కూ అదిరేది. పెడల్ పూర్తిగా వదిలేయగానే అదురు మాయమయ్యేది. వేగంగా వెళ్తున్నప్పుడు గాని, గేర్లు మార్చేటప్పుడు గాని ఏమీ ఉండేది కాదు. రివర్సులో, అందులోనూ ఎగువకు వెనక్కి తీయవలసి వస్తే, డాష్‌బోర్డు మీది వస్తువులు కింద పడేంతగా ఊపేది. ఘాట్ ఎక్కి ఇంజన్ బాగా వేడెక్కాక మరింత పెరిగేది.

బిగించిన గ్యారేజీ వారు మొదట, "కొత్త ప్లేటు కదా సార్, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కొత్త ప్లేటు ముఖం ఫ్లైవీల్ (ఇంజన్ వెనక తిరిగే బరువైన చక్రం) మీద పూర్తిగా ఆనడానికి ఊళ్లో ఆగుతూ కదులుతూ, బరువు లాగకుండా, 500 నుంచి 800 కి.మీ. వరకు నెమ్మదిగా నడపడం మంచిదే. అయితే ఆ కాలంలో అదురు ఉంటే రోజురోజుకూ తగ్గాలి, నా బండిలో పెరిగింది. వెయ్యి దాటాక మళ్లీ వెళ్తే, ఫోర్ వీల్ డ్రైవ్ బండికి కాస్త అదురు సహజమే అన్నారు. ఈ మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. చక్రాల వైపు శక్తిని మోసే ముందు వెనక ప్రొపెల్లర్ షాఫ్టులు, వాటి కీళ్లయిన క్రాసులు, ఆ శక్తిని ముందు వెనకలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఉన్నందువల్ల శక్తి అందుకునే క్షణంలో ఒక్కసారి 'టక్' మని చప్పుడు రావచ్చు. క్రాస్ అరిగితే వచ్చేది అదే. క్లచ్ జారుతున్నంతసేపూ ఆగకుండా సాగే అదురు వేరు. అంతకు ముందు 94,000 కి.మీ. ఇదే బండి ఇవే ఘాట్లలో మెత్తగా కదిలిందని వారికి గుర్తుచేసినా ప్రయోజనం లేకపోయింది.

ఇక్కడ నన్ను తప్పుదారి పట్టించిన సంగతి ఒకటి చెప్పాలి. ఫోర్ వీల్ డ్రైవ్‌ను లో రేంజిలో (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేరులో) వేసి, బురద మట్టి మీద పరీక్షించి చూస్తే అదురు దాదాపు తెలియలేదు. దాంతో లోపం క్లచ్‌లో లేదనీ, వెనక యాక్సిల్ వైపు ఎక్కడో ఉందనీ రెండు వారాల పాటు నమ్మాను. లో రేంజిలో ట్రాన్స్‌ఫర్ కేసు ఇంజన్ బలాన్ని రెండున్నర రెట్ల దాకా పెంచుతుంది కనుక బండిని కదిలించడానికి క్లచ్ మీద పడే భారం బాగా తగ్గుతుంది, ప్లేటు జారే సమయం కూడా తగ్గిపోతుంది. లోపం ఉన్నా బయటపడేందుకు వ్యవధి ఉండదు. కాబట్టి క్లచ్ అదురును పరీక్షించదలచినవారు టూ వీల్ డ్రైవ్‌లో, కొద్దిపాటి ఎత్తు మీద, ఒకసారి ముందుకూ ఒకసారి రివర్సులోనూ, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడూ వేడెక్కిన తర్వాతా చూడాలి. పొడి తారురోడ్డు మీద ఫోర్ వీల్ వేసి చూడటం అసలే కూడదు. మలుపులో ముందు వెనక చక్రాలు తిరిగే దూరాల్లో తేడా వచ్చి, లోపల బిగుసుకుని, దానికదే మరొక రకం కుదుపు పుట్టిస్తుంది.

తెలిసినవారు చెప్పగా అనకాపల్లిలో పాత జీపులు బాగుచేసే ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన గేర్‌బాక్స్ దించడానికి తొందరపడలేదు. బానెట్ ఎత్తించి, హ్యాండ్‌బ్రేకు వేయించి, నన్ను రివర్సులో క్లచ్ మెల్లగా వదలమని, ఇంజన్ ఎంత ఒరుగుతుందో పక్కన నిలబడి చూశారు. "మౌంటింగు కూడా పోయింది బాబూ, కానీ అదొక్కటే కాదు" అన్నారు. ఒక పక్క ఇంజన్ మౌంటింగు రబ్బరు చీలి ఉంది. ముందుకు కదిలేటప్పుడు ఇంజన్ ఒక పక్కకు ఒరిగితే రివర్సులో దానికి ఎదురు పక్కకు ఒరుగుతుంది కనుక, చీలిన రబ్బరు రివర్సులోనే ఎక్కువగా తెరుచుకుంటోంది.

గేర్‌బాక్స్ దించాక కనబడినవి ఒకదాని మీద ఒకటి పేరుకున్న తప్పులు. ఫ్లైవీల్ ముఖం మీద అక్కడక్కడ నీలిరంగు మచ్చలున్నాయి. పాత క్లచ్ చివరి రోజుల్లో జారి జారి పుట్టించిన వేడికి పోత ఇనుము ఆ చోట్ల గట్టిపడి, చుట్టూ ఉన్న లోహం కంటే కొంచెం ఉబ్బి నిలుస్తుంది. ఆ ఉబ్బుల మీదుగా ప్లేటు వెళ్లినప్పుడల్లా పట్టు ఒకసారి పెరిగి ఒకసారి తగ్గుతుంది. ఇంజన్ నిమిషానికి 600 చుట్లు తిరిగితే సెకనుకు పది, దాదాపు అదే లయలో బండి ముందువెనకలకు ఊగడానికి అనువుగా ఉంటుంది, అందుకే చిన్న ఎగుడుదిగుడు కూడా మనిషిని ఊపేసే అదురుగా మారుతుంది. మొదటి గ్యారేజీలో ఈ ముఖాన్ని గరుకు కాగితంతో రుద్ది వదిలేశారు. గట్టిపడిన మచ్చ కాగితానికి లొంగదు. మామూలు లేతు మీద పెట్టినా పనిముట్టు ఆ మచ్చల దగ్గర ఎగిరిపోతుందని, రాయితో గ్రైండింగ్ చేయించాలని మేస్త్రిగారు పట్టుబట్టారు. నా ఫ్లైవీల్‌లో ప్లేటు ఆనే ముఖం, ప్రెజర్ ప్లేటు బిగించే అంచు రెండు వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. ముఖాన్ని 0.3 మి.మీ. తీసినప్పుడు అంచునూ సరిగ్గా అంతే తీయించారు. ముఖాన్ని మాత్రమే తీసి ఊరుకుంటే ప్రెజర్ ప్లేటు నొక్కే బలం తగ్గి కొత్త క్లచ్ త్వరగా జారడం మొదలవుతుంది. రెండు భాగాల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న బండ్లకు సాధారణంగా ఈ గ్రైండింగ్ దారి లేదు, మొత్తం మార్చుకోవలసిందే, ఖర్చు కూడా ఎన్నో రెట్లు.

రెండో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే అది పూర్తిగా చేతి పొరపాటు. బెల్ హౌసింగును (గేర్‌బాక్స్ ముందు క్లచ్‌ను కప్పి ఉంచే గూడును) ఇంజన్‌తో సరిగ్గా ఒకే వరుసలో నిలబెట్టే డోవెల్ పిన్నులు రెండు ఉండాలి, ఒక్కటే ఉంది. అంతేకాక ప్లేటును గేర్‌బాక్స్ షాఫ్టు మీద తిప్పుతూ, సూక్ష్మమైన తేడాను చూపే డయల్ గేజీతో కొలిస్తే 1.2 మి.మీ. వంకర చూపించింది. నా బండి సర్వీస్ మాన్యువల్ ప్రకారం అది 0.8 దాటకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేసు కూడా వేలాడుతుంది కాబట్టి, జాకీ ఆధారం లేకుండా మనుషులతో ఎత్తించి షాఫ్టును ప్లేటులో దూర్చి, బోల్టులు వెతికేలోపు ఆ బరువంతా ప్లేటు నడిమి భాగం మీద వేలాడితే ప్లేటు వంగిపోతుంది. 1,300 కి.మీ. మాత్రమే తిరిగిన సెట్టును పారవేయవలసి రావడానికి కారణం ఇదే. షాఫ్టు గాడులకు పూసిన గ్రీజు కూడా ఎక్కువై, తిరుగుడుకు చిమ్మి, ప్లేటు ముఖం మీద చారలుగా పడింది. ఆ గాడులకు వేలితో పూసి గుడ్డతో తుడిచేశాక మిగిలే పొర చాలునని ఆ రోజే తెలుసుకున్నాను.

రెండో బిగింపులో క్రాంక్ వెనక ఆయిల్ సీలు, గేర్‌బాక్స్ ముందు సీలు, గేర్‌బాక్స్ షాఫ్టు కొనను మోసే పైలట్ బేరింగ్, రెండు ఇంజన్ మౌంటింగులు, గేర్‌బాక్స్ మౌంటింగు కొత్తవి వేశారు. గేర్‌బాక్స్‌ను జాకీ మీద నిలిపి, డోవెల్ పిన్నులు రెండూ కూర్చున్నాయని చూశాకే బోల్టులు బిగించారు. రెండు రోజులు పట్టింది.

తొలి కదలికలోనే తేడా తెలిసింది. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో మంచు చూడటానికి వచ్చేవారి కార్లతో శని, ఆదివారాల తెల్లవారుజామున ఘాట్ మీద బండ్లు గంటల తరబడి నత్తనడక నడుస్తాయి. ఆ వరుసలో చిక్కుకుని హాఫ్ క్లచ్ మీద పాకిన ఉదయాలు మూడు శీతాకాలాల్లో ఎన్నో ఉన్నాయి. ఒకసారి కాలిన వాసన కూడా వచ్చింది, అయినా అదురు మాత్రం రాలేదు. వానాకాలంలో రాత్రంతా బయట తడిసిన బండి పొద్దున మొదటి రెండు మూడు కదలికల్లో స్వల్పంగా వణుకుతుంది. ఫ్లైవీల్ ముఖం మీది తేమ, పలుచని తుప్పు రాలిపోగానే ఆగిపోతుంది, దాన్ని నేను లోపంగా లెక్కించను.

సెట్టు విషయానికి వస్తే, పట్టు బాగుంది, పెడల్ తేలికగా ఉంది, నిండు లోడుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కినప్పుడు కూడా జారలేదు. లోటు ఒక్కటే, రిలీజ్ బేరింగ్. 36,000 కి.మీ. దగ్గర నుంచి పెడల్ నొక్కినప్పుడు సన్నని గరగర వినిపిస్తోంది. బండితో వచ్చిన బేరింగ్ 94,000 వరకు నిశ్శబ్దంగా ఉన్నందువల్ల ఇందులో నాణ్యత తక్కువనే అనుకుంటున్నాను, ఐదింటికి నాలుగు మార్కులే ఇస్తాను. ఈ శబ్దం పెరిగితే ప్లేటు ఎంత బాగున్నా గేర్‌బాక్స్ మళ్లీ దింపక తప్పదు. ఆ రోజు కోసం మంచి బేరింగ్ ఒకటి, డోవెల్ పిన్నులు రెండు ఇప్పటికే కొని ఇంట్లో ఉంచాను.