తూర్పు హొక్కాయిడోలో ఆరు రోజులు: జింకలు, గంధకం, పెరుగన్నం

జపాన్ వెళ్తున్నామంటే చుట్టాలందరూ అడిగింది ఒకటే, బుల్లెట్ ట్రైన్ ఎక్కుతారా అని. ఎక్కలేదు. టోక్యో హనేడాలో విమానం మారి నేరుగా కుషిరోలో దిగాం. హొక్కాయిడో దీవికి తూర్పు వైపు ఊరు అది. మా వారికి పక్షుల పిచ్చి, నాకు వేడినీళ్ల పిచ్చి. నడుము నొప్పి ఉన్నవాళ్లకి రెండోది వెంటనే అర్థమవుతుంది. అక్టోబర్ మొదటి వారం, ఆరు రోజులు, కారు దాదాపు 600 కిలోమీటర్లు తిరిగింది. కుషిరోలో తీసుకున్న బండిని మెమాంబెత్సు విమానాశ్రయంలో అప్పగించాం. వేరే ఊళ్లో వదిలినందుకు అదనంగా డబ్బు కట్టాల్సి వచ్చింది గానీ, ఒక రోజు వెనక్కి నడిపే పని తప్పింది.

కారు లేకుండా ఈ వైపు రావద్దు. బస్సులున్నాయి, కానీ ఒకటి తప్పిపోతే ఇంకోదాని కోసం సగం రోజు కూర్చోవాలి. మనలాగే ఎడమ పక్కన నడపడం, స్టీరింగ్ కుడివైపు ఉండటం మనకు కలిసొచ్చే విషయం. లైసెన్సు, ఆర్టీఏ ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, పాస్‌పోర్టు, మూడూ ఒరిజినల్స్ చేతిలో ఉండాలి. కౌంటర్‌లో అమ్మాయి మూడింటినీ పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం సరిచూసింది.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. మామూలు ఇన్సూరెన్స్ ఉన్నా, గుద్దిన బండి మరమ్మతులో ఉన్నన్నాళ్లూ అద్దె కంపెనీకి వచ్చే నష్టానికి విడిగా వసూలు చేస్తారు. బండి నడిచే స్థితిలో ఉంటే 20,000 యెన్లు, లేకపోతే 50,000 యెన్లు అన్నారు మాకు. అంటే మన డబ్బుల్లో ముప్ఫై వేలకు కాస్త తక్కువ. రోజుకు కొంత కడితే అది కూడా మాఫీ అయ్యే ప్లాన్ ఉంది. మా వారు "మనం జాగ్రత్తగానే నడుపుతాం కదా" అంటుంటే నేనే సంతకం పెట్టించాను. మొదటి సాయంత్రమే అకాన్ దారిలో మూడు జింకలు రోడ్డు మధ్యలో నిలబడి, మేమేదో వాళ్ల పెరట్లోకి వచ్చినట్టు చూశాయి. ఆ తర్వాత ఆయన ఇన్సూరెన్స్ మాట ఎత్తలేదు.

జింకల వల్లే ఇక్కడ టైమ్‌టేబుల్ సూర్యుణ్ని బట్టి వేసుకోవాలి. అక్టోబర్‌లో ఐదింటికల్లా పొద్దు గుంకుతుంది. సంజె వేళ జింకలు రోడ్డెక్కుతాయి. నాలుగున్నరకు బస చేరాలని రెండో రోజు నుంచి నియమం పెట్టుకున్నాం. రోడ్డు అంచుల పైన ఎర్రటి, తెల్లటి బాణాలు కిందికి చూపిస్తూ వేలాడుతుంటాయి. ఎందుకా అనుకున్నాం. మంచు కప్పేసినప్పుడు రోడ్డు అంచు ఎక్కడుందో తెలియడానికట. తలకిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం కనిపిస్తే ఎవరూ లేకపోయినా చక్రాలు పూర్తిగా ఆగాలి. రైలు గేటు తెరిచే ఉన్నా అంతే. మన అలవాటు ప్రకారం స్లో చేసి పోనిస్తే కుదరదు.

కుషిరో గురించి ఎక్కువ చెప్పను. ఊరి పక్కనే జపాన్‌లోకెల్లా పెద్ద చిత్తడి నేల ఉంది, 1980లో అది ఆ దేశంలో మొట్టమొదటి రామ్‌సర్ ప్రాంతం, అంటే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల, అయింది. హొసోఓకా వ్యూ పాయింట్ నుంచి మెలికలు తిరిగే నది బాగుంది. మా వారు వెతికిన ఎర్ర తల కొంగలు మాత్రం అక్కడ కాదు, ఊరి బయట కోత అయిపోయిన మొక్కజొన్న చేలో రెండు, ట్రాక్టర్ పక్కన తాపీగా తిరుగుతూ కనిపించాయి.

అకాన్ చెరువు ఒడ్డున రెండు రాత్రులు బుక్ చేశాం. ఒకటి చాలు. మేం దిగినది పెద్ద హోటల్, పేరు చెప్పను. గది బాగుంది, కిటికీలోంచి చెరువు బాగుంది, రేటు కూడా బాగానే ఉంది. నేను శాకాహారినని ముందే మెయిల్ పెడితే సరేనన్నారు. తీరా వడ్డించాక నా టోఫు మీద పల్చటి గోధుమ రంగు పొరలేవో వేడికి అటూ ఇటూ కదులుతున్నాయి. ఎండబెట్టిన చేపను రంపపు పొట్టులా చెక్కిన పొరలవి. చెప్తే వడ్డించే అమ్మాయి మూడుసార్లు వంగి క్షమాపణ అడిగి, వాటిని ఒలిచేసి అదే టోఫు మళ్లీ తెచ్చింది. పాపం ఆమెనేం అనగలం. చేప ముక్క లేకపోతే శాకాహారమే అన్నది అక్కడి లెక్క, రసంలో, సాస్‌లో ఉండే చేప సారం లెక్కలోకే రాదు.

అకాన్‌లో పడవెక్కి మరిమో అనే ఆకుపచ్చ నాచు ఉండలు చూసొచ్చాం. 1952 నుంచి వాటికి ప్రత్యేక ప్రకృతి సంపద హోదా ఉంది. గాజు తొట్టెలో లడ్డూల్లా ముద్దుగా ఉన్నాయి గానీ, పడవ టికెట్‌కు నాకు గిట్టుబాటు కాలేదు. విజిటర్ సెంటర్ వెనక అడవి దారిలో బొక్కే అనే బురద గుంటలు ఉడికే అంబలిలా బుడబుడలాడుతుంటాయి. అది ఉచితం, ఎంతసేపైనా చూడొచ్చు. హొక్కాయిడో ఆదివాసులైన ఐను తెగవాళ్ల కొయ్య బొమ్మల దుకాణాలున్న వీధి కూడా వదలొద్దు.

ఇక స్నానాల సంగతి. ఒన్సెన్‌లో, అంటే వేడినీటి ఊటల స్నానంలో, ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి. ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు, అయినా సరే. అకాన్‌లో తువ్వాలు పట్టుకుని తలుపు దాకా వెళ్లి, లోపల నలుగురు కనిపించగానే ఏదో మర్చిపోయినట్టు నటించి వెనక్కి వచ్చేశాను. గదికొచ్చి టబ్‌లో పోసుకున్నాను. అంత దూరం వెళ్లి!

మర్నాడు మాషూ చెరువు. 1931లో ఈ నీళ్లలో 41.6 మీటర్ల లోతు దాకా కనిపించిందని నమోదైంది. నది కలవదు, నది పుట్టదు. మేం వెళ్లేసరికి చెరువు లేదు, పొగమంచు ఉంది. పెళ్లికానివాళ్లు మంచు లేని మాషూను చూస్తే పెళ్లి ఆలస్యమవుతుందని అక్కడో మాట ఉంది. మాకా బెంగ లేదు కాబట్టి తర్వాతి ఉదయం మళ్లీ వెళ్లాం, ఈసారి నీలంగా మొత్తం కనిపించింది. ఒకటో నంబరు వ్యూ పాయింట్‌లో పార్కింగ్‌కు డబ్బు కట్టాలి. కవాయు వైపున్న మూడో నంబరులో అక్కర్లేదు, దుకాణాలూ లేవు, జనమూ లేరు. నా ఓటు దానికే.

కవాయు ఊరు చూస్తే మొదట దిగులేస్తుంది. మూతపడ్డ పెద్ద హోటళ్లు, ఖాళీ వీధులు. కానీ ఈ ప్రయాణంలో నీళ్ల రుచి తెలిసింది ఇక్కడే. రుచి అని ఊరికే అనలేదు, పెదవికి తగిలితే నిమ్మరసమే. ఇనుప మేకు వేస్తే రెండు వారాల్లో కరిగిపోతుందని చెప్పుకునే ఆమ్లపు నీళ్లు. మేం దిగిన చిన్న సత్రంలో యాభై నిమిషాలు గడియ వేసుకుని వాడుకునే సొంత స్నానపు గది దొరికింది. సిగ్గుపడేవాళ్లు బుక్ చేసేటప్పుడు అడగాల్సిన మాట 'కషికిరి'. లోహపు నగలు తీసేయమని గోడ మీద బొమ్మ ఉంది. ముక్కుపుడక, గాజులు తీశాను. మెట్టెలు నగల్లోకి వస్తాయని తట్టలేదు. అరగంట తర్వాత కాళ్లు బయట పెడితే వెండి మెట్టెలు రెండూ మసిబారిన గిన్నె అడుగులా ఉన్నాయి. మోకాలి మీద దోమకాటు గోకిన చోట మండింది చూడండి, దానికి వేరే వర్ణన అక్కర్లేదు. అయినా ఆ రాత్రి నడుము నొప్పి గుర్తు రాలేదు.

ఆ గంధకమంతా ఊరి పక్కనున్న ఇయోజాన్ కొండది. కారు దిగి రెండు నిమిషాలు నడిస్తే పసుపు పూసినట్టున్న రాళ్ల సందుల్లోంచి బుస్సుమని ఆవిరి. 1880ల్లో ఇక్కడ ఖైదీల చేత గంధకం తవ్వించారు. ఇప్పుడు ఉడికించిన కోడిగుడ్లు అమ్ముతారు. గుడ్డు నాకు పరవాలేదు కాబట్టి రెండు తిన్నాను.

కుష్షారో చెరువు ఒడ్డున సునాయు అనే చోట ఇసుక చేత్తో తవ్వితే వేడినీళ్లు ఊరుతాయి. చిన్నప్పుడు భద్రాచలం వెళ్లినప్పుడు గుండాల దగ్గర గోదావరి ఇసుకలో అమ్మమ్మ ఇలాగే గుంట తవ్వి నా కాళ్లు పెట్టించింది. మా వారికి చెప్తే నమ్మలేదు, ఫోన్‌లో వెతికి చూపించాల్సి వచ్చింది. అక్కడి నుంచి కాస్త దూరంలో కొతాన్ అనే చోట చెరువు అంచునే రాతి తొట్టె, ఎవరూ డబ్బు అడగరు. ఆడా మగా భాగాలకు మధ్య ఒక బండరాయి అడ్డం, అంతే. స్విమ్‌సూట్ వేసుకుని దిగినవాళ్లు ఉన్నారు కాబట్టి నేనూ ధైర్యం చేశాను. మెడ దాకా వేడి నీళ్లు, గడ్డం ముందు చల్లటి చెరువు. శీతాకాలంలో అయితే పక్కనే హంసలు ఉంటాయట.

తిండి గురించి చెప్పకపోతే శాకాహారులు నన్ను క్షమించరు. దారి పొడవునా కాపాడింది సేకోమార్ట్, నారింజ రంగు బోర్డున్న హొక్కాయిడో వాళ్ల దుకాణం. రెండు నిమిషాలు వేడి చేసుకుంటే చాలే అన్నం డబ్బాలు, తీపి లేని పెరుగు, రెండూ దొరుకుతాయి. ఇంటి నుంచి తీసుకెళ్లిన ఆవకాయ, కంది పొడి. జపాన్ అన్నం కాస్త జిగురు, పెరుగన్నానికి అదే ప్లస్. ఉమెబోషి పెట్టిన అన్నం ముద్దలు కూడా బాగుంటాయి. ఉప్పులో ఊరిన ఆ పుల్ల పండు మన ఊరవేసిన ఉసిరికాయకు దూరపు చుట్టం.

తర్వాతి మజిలీ రౌసు, సముద్రం ఒడ్డున చేపల ఊరు. ఎదురుగా సముద్రంలో రష్యా చేతిలో ఉన్న, జపాన్ తనదనే కునాషిరి దీవి నల్లగా పరుచుకుని కనిపిస్తుంది. ఒక చేపలు పట్టే కుటుంబం నడిపే ఇంట్లో దిగాం. రెండు పూటల తిండితో కలిపి అకాన్ హోటల్‌లో సగం ధర. "చేప వద్దు, చేపల రసం కూడా వద్దు" అని ఫోన్‌లో జపనీస్‌లోకి మార్చి చూపిస్తే ఇంటావిడ చదివి, కాసేపు ఆలోచించి, వంటింట్లోకి వెళ్లి ఒక బంగాళాదుంప, ఒక గుమ్మడికాయ ముక్క పట్టుకొచ్చి కళ్లతోనే అడిగింది. వెన్న వేసి కాల్చిన ఆ దుంపలు, అట్టు, వేడన్నం. మా వారి ముందు మాత్రం సముద్రమంతా ఉంది.

కుమనోయు అనే వేడినీళ్ల తొట్టెలు రౌసుకి కాస్త పైన, వాగు దాటితే అడవిలో ఉంటాయి. స్థానికులు చూసుకునే ఉచిత స్నానం. ఆడవాళ్ల తొట్టె చుట్టూ దడి ఉంది. లోపల ఒక్క పెద్దావిడే ఉంది, మా అత్తగారి వయసు. ఇక తప్పించుకునే దారి లేదు. ఆవిడ నన్ను చూసి, చిన్న బక్కెట్ అందించి, ముందు ఒంటి మీద పోసుకోమని సైగ చేసింది. పోసుకుంటే అరిచాను. మనింట్లో తలంటు నీళ్లు దీని ముందు చల్లనీళ్లే. చన్నీళ్ల గొట్టం వైపు చూశాను. ఆవిడ రెండు వేళ్లు దగ్గరగా పెట్టి చూపించింది, కొంచెమే సుమా అని. నా మూలకి ఆ కాస్త వదిలి, నేను దిగేదాకా చూసి, తను గడ్డం దాకా మునిగి కళ్లు మూసుకుంది. నేను బట్టల్లేకుండా ఉన్నానన్న సంగతి ఎప్పుడు మర్చిపోయానో తెలియదు. మూడో మునకకి రెండు నిమిషాలు ఆగగలిగాను.

అక్కడే ఒక తప్పు చేశాం. ఆదివారం రౌసులో మాకు కనిపించిన బంకులు మూసి ఉన్నాయి. ఇంధనం ఇంకో 60 కిలోమీటర్లకే అని కారు చూపిస్తోంది, ముందేమో 738 మీటర్ల షిరెటోకో కనుమ. ఫోన్ సిగ్నల్ పోయింది. నేను ఏసీ కట్టేసి, మీటర్ చూస్తూ టెన్షన్‌తో కూర్చున్నాను. ఎర్రబడిన అడవి, మంచు లేని రౌసు శిఖరం, ఏదీ ఎక్కలేదు. కనుమ దాటాక అంతా దిగుడే కాబట్టి అవతలి ఊరు ఉతోరో చేరాం. బంకులో 'రెగ్యులర్, మాన్‌తాన్' అంటే పెట్రోలు, ఫుల్ ట్యాంక్ అని. ఎర్ర గొట్టం పెట్రోలు, ఆకుపచ్చది డీజిల్. సగం కాగానే నింపించడం అప్పటినుంచి అలవాటైంది.

షిరెటోకో ద్వీపకల్పం 2005లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. ఐదు చెరువుల దగ్గర నేల మీది కాలిబాట ఎలుగు కనిపించిందని ఆ ఉదయం మూసేశారు. కరెంటు కంచె ఉన్న చెక్క వంతెన 800 మీటర్లు, డబ్బు లేదు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. దాని మీంచి మొదటి చెరువు, వెనక కొండల వరుస చూసి తృప్తిపడ్డాం. నిజం చెప్పొద్దూ, ఎలుగు కనపడలేదని నాకు బాధేమీ లేదు.

మళ్లీ వెళ్తే అకాన్‌లో ఒక రాత్రి తీసేసి రౌసుకు కలుపుతాను. కవాయు సత్రం అలాగే ఉంచుతాను, మెట్టెలు మాత్రం పర్సులో వేసుకుంటాను.

మెమాంబెత్సులో కారు తీసుకున్నాయన చుట్టూ తిరిగి గీతలు చూసి, పెట్రోలు రసీదు తీసుకుని, చివరగా వెనక తలుపు తెరిచాడు. ఆరబెట్టడానికి సీట్ల మీద పరిచి మర్చిపోయిన నాలుగు తువ్వాళ్లు. గంధకం వాసన గుప్పుమంది. ఆయన ముక్కు ఎగబీల్చి, "కవాయు?" అన్నాడు.