అకలేషియా ఉన్నవాళ్ళింట్లో చదవాల్సిన పేపర్: ఐఎస్‌డీఈ 2018 గైడ్‌లైన్స్ రివ్యూ

అన్నవాహిక జబ్బుల మీద పనిచేసే డాక్టర్లకి ఒక ఇంటర్నేషనల్ సొసైటీ ఉంది, ఐఎస్‌డీఈ అంటారు, 1979లో జపాన్ సర్జన్ కొమెయ్ నకయామా మొదలుపెట్టారు. వాళ్ళ జర్నల్ పేరు డిసీజెస్ ఆఫ్ ది ఈసోఫేగస్. అందులో 2018లో వచ్చిన అకలేషియా గైడ్‌లైన్స్ గురించే ఈ రివ్యూ. 5కి 4 ఇస్తాను.

అకలేషియా అంటే అన్నవాహిక చివర కండరం మింగేటప్పుడు వదులవ్వదు, పై గొట్టం కూడా ముద్దని కిందకి నెట్టదు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో వస్తుంది కాబట్టి చాలామందికి తట్టదు. మా అమ్మకి ముద్ద దిగట్లేదు, నీళ్ళు కూడా ఆగిపోతున్నాయి, పడుకుంటే తిన్నది నోట్లోకి వచ్చేస్తోంది అని చెప్పినా ఒక క్లినిక్‌లో చాలాకాలం గ్యాస్ టాబ్లెట్లే రాశారు, మనిషి సగమైపోయింది. అందుకే ఈ పేపర్‌లో నాకు బాగా నచ్చింది టెస్టుల భాగం. ఎండోస్కోపీ నార్మల్ అన్నంత మాత్రాన అయిపోలేదు, హై రిజల్యూషన్ మానోమెట్రీ చెయ్యాలి అని స్పష్టంగా ఉంది. ముక్కులోంచి సన్నటి ట్యూబ్ వేసి మింగేటప్పుడు ప్రెషర్ చూసే టెస్ట్ అది, కాస్త ఇబ్బందే కానీ అకలేషియాలో ఉన్న మూడు రకాల్లో (టైప్ 1, 2, 3) ఏదో తేలేది దాంతోనే.

మందుల గురించి కూడా మొహమాటం లేకుండా రాశారు, కండరం వదులవ్వడానికి ఇచ్చే కాల్షియం బ్లాకర్లు, నైట్రేట్లు పనిచేస్తాయని నమ్మదగ్గ ఆధారం లేదట, ఆ కండరాన్ని వదులుచేసే బొటాక్స్ ఇంజెక్షన్ ఆపరేషన్ తట్టుకోలేని వాళ్ళకే. 11 దేశాల నుంచి 51 మంది ఎక్స్‌పర్ట్స్‌తో పాటు పేషెంట్ సంఘాల వాళ్ళు ముగ్గురు కూర్చున్నారు, అది చూసి చాలా సంతోషమేసింది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పెద్ద ట్రయల్స్ రెండు దీని తర్వాత 2019లో వచ్చాయి, అవి పక్కన పెట్టుకోకుండా ఇదొక్కటే చదివితే సరిపోదు. జామా అనే మెడికల్ జర్నల్‌లో వచ్చినదాంట్లో, నోట్లోంచి ఎండోస్కోప్ పంపి లోపలినుంచే ఆ కండరాన్ని కోసే పోయెమ్ రెండేళ్ళకి 92 శాతం మందికి పనిచేస్తే, బెలూన్ ఉబ్బించి కండరాన్ని సాగదీసే బెలూన్ డైలటేషన్ 54 శాతానికే. న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చినదాంట్లో పోయెమ్ 83 శాతం మందికి పనిచేస్తే, పొట్టమీద చిన్న రంధ్రాలు పెట్టి లాప్రోస్కోపీతో అదే కండరాన్ని కోసే హెల్లర్ ఆపరేషన్ 81.7 శాతానికి, అంటే దాదాపు సమానమే, కానీ రెండేళ్ళ తర్వాత ఎండోస్కోపీలో యాసిడ్ వల్ల పుండ్లు పోయెమ్ వాళ్ళలో 44 శాతం, హెల్లర్ వాళ్ళలో 29. పైకి కోత లేదు కదా అని పోయెమ్ వైపు మొగ్గేవాళ్ళు ఈ పుండ్ల లెక్క గురించి తప్పకుండా అడగండి, రిఫ్లక్స్ (యాసిడ్ పైకి తన్నడం) సంగతి పేషెంట్‌కి ముందే చెప్పాలని 2018 పేపర్‌లో కూడా ఉంది. హైదరాబాద్‌లో ఏఐజీ హాస్పిటల్ లాంటి చోట పోయెమ్ ఎప్పటినుంచో చేస్తున్నారు, కాబట్టి మనవాళ్ళకి దొరకడం సమస్య కాదు, ఏది ఎందుకు అని అడగడమే కావాలి.

భాష మాత్రం పూర్తిగా డాక్టర్లదే. మొత్తం చదవలేకపోతే రికమెండేషన్ వాక్యాలు చూసుకుని, మీ మానోమెట్రీ రిపోర్ట్‌లో టైప్ ఏంటో రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. టైప్ 3 అయితే బెలూన్ అంతగా పనిచెయ్యదు, కండరాన్ని పైదాకా కోయగలిగే పోయెమ్ గురించి ముందు అడగండి.