పొగాకు షెడ్డులో పిట్టల గన్ను: ఏళ్ల తరబడి వాడాక నా మాట

వేట రైఫిల్‌తో కొట్టేంత గురి చేతికి కుదరాలంటే లక్షలు అక్కర్లేదు, పది వేల లోపు దొరికే స్ప్రింగ్ ఎయిర్‌గన్, అదే మన పిట్టల గన్ను, చాలు. వేట అంటే మన దగ్గర కాదులెండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, పందులు శనగ చేనంతా దున్నేసినా మన ఇష్టానికి కొట్టకూడదు, పైగా ఈ గుండుతో పంది చావదు, ఊరికే గాయపడుతుంది. నాకీ పిచ్చి పట్టించింది టెక్సాస్‌లో ఉండే మా బావ. అక్కడ పొలాల మీద పడే పందుల్ని కొట్టడం మామూలేనట, కానీ పెద్ద రైఫిల్ తూటా ఒక్కోటి డాలర్ పైమాటే, అందుకే ఆయన కూడా ఏడాదంతా ఎయిర్‌గన్‌తోనే చెయ్యి ఆడిస్తాడు.

గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, గుండు శక్తి 20 జౌళ్ల లోపు అయితే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. టంగుటూరు దగ్గర మా ఊళ్లో పొగాకు సీజన్ అయ్యాక గ్రేడింగ్ షెడ్డు ఖాళీ, పది మీటర్లు సుబ్బరంగా వస్తుంది. గుండ్లు ఆగడానికి అట్టపెట్టె నిండా పాత చీరలు కుక్కి, వెనక మందపాటి ప్లైవుడ్ చెక్క, దాని వెనక బ్యారన్ (పొగాకు కాల్చే గది) గోడ. గుండ్లు సీసానివి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు.

అసలు సంగతి పట్టులో ఉంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ దూకుతుంది, గన్ను మొదట వెనక్కి తన్ని ఆ వెంటనే ముందుకు కుదుపుతుంది, గుండు ఇంకా గొట్టంలో ఉండగానే ఇదంతా మొదలైపోతుంది. అందుకే గట్టిగా బిగించి పట్టినవాడికి ఒక్కో గుండు ఒక్కో దిక్కు. ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించి, భుజానికి అదమకుండా, పేలాక కూడా ఒక క్షణం కన్ను గురి మీదే ఉంచితే కూర్చుని కొట్టినవి రూపాయి బిళ్ళంత జాగాలో పడతాయి. నిలబడితే మాత్రం సాసరంత! పెద్ద రైఫిల్ తన్నుకి బెదరకపోవడం, దూరంలో గాలి లెక్క, ఈ రెండూ దీంతో రావు, మిగతాదంతా వస్తుంది.

గుండ్లు రూపాయి అటూ ఇటూ. కాగితం మీదకి చదును ముక్కువే కొనండి, గుండ్రంగా కోసినట్టు చిల్లు పడుతుంది. చౌక డబ్బాలో వెనక అంచు నొక్కుకుపోయినవి కొన్ని ఉంటాయి, ఏరి పారేయాలి, లేకపోతే తప్పు చేతిదో గుండుదో తెలీక టెన్షన్. స్కోప్ (గన్ను మీద బిగించే దుర్భిణి) జోలికి పోవద్దు, ఆ ముందూ వెనకా కుదుపుకి మామూలు స్కోప్ లోపల అద్దాలు కదిలిపోతాయి. ఖాళీ గన్ను పేల్చొద్దు, పిస్టన్ దెబ్బతింటుంది.

గొట్టం వంచి గుండు పెట్టేటప్పుడు రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకోండి, ట్రిగ్గర్ జారితే ఒక్కసారిగా పైకి లేచి వేళ్లు నలిపేస్తుంది. నా గన్ను సేఫ్టీ (ట్రిగ్గర్‌ని ఆపే మీట) రెండో ఏడాదికే వదులైపోయింది, షాపుకి తీసుకెళితే “అన్నీ అంతే సార్” అన్నాడు.