వింగ్‌లో ప్రాంప్టర్ లేడు: బెజవాడలో మా అమ్మాయి వెళ్తున్న యూత్ థియేటర్ మాస్టర్ల గురించి

పిల్లల్ని నాటకాల్లో చేర్పిద్దామనుకుంటున్నాం, అక్కడ మాస్టర్లు ఎలా ఉంటారని నన్ను అడిగేవాళ్లకి ముందుగా చెప్పేది ఒకటే. అక్కడ ప్రాంప్టింగ్ ఉండదు, అంటే పిల్లలు డైలాగు మర్చిపోతే చాటు నుంచి అందించేవాళ్లు ఉండరు. నాకు ఆ థియేటర్ మీద ఇంత ఇష్టం ఏర్పడిందంటే దానివల్లే. ఫీజు ఎంత, క్లాసులు ఎప్పుడు అన్నవి ఫోన్ చేస్తే వాళ్లే చెబుతారు, అవి రాయను. కింద కొన్ని ఫిర్యాదులు కూడా రాస్తున్నాను కాబట్టి థియేటర్ పేరు కూడా రాయడం లేదు. మా అమ్మాయి ఆరో తరగతిలో చేరింది, ఇప్పుడు పదిలోకి వచ్చింది. కాస్ట్యూమ్స్ పని నేను చూస్తుంటాను కాబట్టి రిహార్సల్స్‌లో మాస్టర్లు ఏం చేస్తారో దగ్గర నుంచి చూసిన మాటలే ఇవి.

ప్రాంప్టింగ్ లేకపోతే అంత గొప్పేంటి అనుకోవచ్చు. మన స్కూళ్ల యానివర్సరీలు గుర్తు చేసుకోండి. డైలాగులన్నీ ముందే రికార్డు చేసేసి పెన్‌డ్రైవ్‌లో పెడతారు, స్టేజీ మీద పిల్లలు పెదాలు కదుపుతూ చేతులు ఊపుతారు. గొంతు ఒకళ్లది, మొహం ఇంకొకళ్లది. పెద్దవాళ్ల నాటకాలకైనా సైడ్ వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెరల చాటున, పుస్తకం పట్టుకుని ఒకాయన నిలబడటం మనకి మామూలే, ముందు వరసలో కూర్చుంటే పాత్ర కంటే ముందు ఆయన గొంతే వినిపించిన సందర్భాలు నాకు తెలుసు. అలాంటిది పదకొండు పన్నెండేళ్ల పిల్లల్ని ఏ అండా లేకుండా స్టేజీ మీదకి పంపించాలంటే ముందు మాస్టర్లకి ధైర్యం కావాలి, దాని వెనక బోలెడు పని ఉండాలి.

ఆ పని ఎలా చేయిస్తారంటే, రిహార్సల్ మొదలవ్వకముందు డైరెక్టర్ సారు ఎవరో ఒకర్ని పక్కకి పిలిచి చెవిలో చెబుతారు, ఇవాళ నీ మూడో డైలాగు మింగెయ్ అని. మిగతావాళ్లకి ఆ సంగతి తెలియదు. సీన్ నడుస్తుంటే ఉన్నట్టుండి ఒక మాట రాదు, అందరూ బిక్కమొహం వేసుకుని సారు వైపు చూస్తారు, ఆయన కిటికీలోంచి బయటికి చూస్తుంటారు. మొదటి నెలల్లో సీన్ అక్కడే చచ్చిపోతుంది. తర్వాత తర్వాత ఎవరో ఒకరు ఏదో మాట అందుకుంటారు. అలా అందుకోవాలంటే ఎదుటి పాత్ర ఏమంటోందో నిజంగా వినాలి కదా, తన వంతు కోసం ఎదురుచూస్తూ నిలబడితే కుదరదు. వినడం నేర్పడానికే ఈ మింగుడు ఆట. అద్దం ఆట కూడా ఆడిస్తారు, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరు కదిలినట్టే రెండోవాళ్లు కదలాలి, కాసేపయ్యాక ఎవరు ముందు కదులుతున్నారో బయటివాళ్లకి తెలియకూడదు. ఇలాంటి ఆటలకి మూలం వయోలా స్పోలిన్ అనే అమెరికన్ ఆవిడని, షికాగోలో వలస కుటుంబాల పిల్లలతో పనిచేస్తూ వీటిని తయారుచేసిందని ఒకసారి తల్లిదండ్రుల మీటింగ్‌లో సారు చెప్పారు. మనవాళ్లలో సురభి కుటుంబాల పిల్లలు 1885 నుంచి తరతరాలుగా స్టేజీ మీదే పెరుగుతూ ఇదంతా ఆటల అవసరం లేకుండానే నేర్చుకున్నారని కూడా అన్నారు.

ఇదంతా నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం నాకు గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయంలో వేసిన నాటికతో తీరిపోయింది. కథ చిన్నదే. ఊళ్లో పాత లైబ్రరీని మూసేసి షాపులు కడదామని ప్రెసిడెంటు చూస్తుంటాడు, పిల్లలు అడ్డం పడతారు. అందులో "తాళంచెవి ఎవరి దగ్గరుంది?" అన్న డైలాగు రెండుసార్లు వస్తుంది, మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి. మొదటిసారి అడిగినప్పుడు ప్రెసిడెంటు వేషం వేసిన అబ్బాయి చివరి సీన్ జవాబు అందుకున్నాడు, "అయితే తాళం పగలగొట్టండి" అని. నాటకాల్లో ఇది జరిగే ప్రమాదమే, ఒకేలాంటి మాట రెండుచోట్ల ఉంటే నాలుక దూకేస్తుంది. కానీ ఇక్కడ దూకింది ఒక లైను కాదు, నాలుగు పేజీలు. లైబ్రేరియన్ తాత వచ్చి, చచ్చిపోయిన భార్య నగలమ్మి ఆ గది కట్టించానని చెప్పి, తాళంచెవి మా అమ్మాయి చేతిలో పెట్టే సీనంతా ఆ పేజీల్లోనే ఉంది. అది లేకపోతే నాటికే లేదు. పైగా లైట్ల అబ్బాయి ఆ మాట వినగానే చివరి సీన్ అనుకుని స్టేజీ లైట్లు తగ్గించేసి తలుపు మీద స్పాట్ వేసేశాడు.

నేను ఎడమ వింగ్‌లో పిన్నీసుల డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను. సారు నా పక్కనే. పుస్తకం ఆయన చేతిలోనే ఉంది, మూసి ఉంది. తాత వేషం వేసిన పిల్లాడి వాళ్లమ్మ వెనక నుంచి "చెప్పండి సార్, ఒక్క మాట అందించండి" అని బతిమాలుతోంది. ఆయన తల అడ్డంగా ఊపారు, అంతే. ఆయన బొటనవేలు మాత్రం పుస్తకం అట్ట అంచుని గట్టిగా నొక్కిపట్టి ఉంది, గోరు తెల్లబడిపోయింది. ఆయనకి టెన్షన్ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అప్పుడు అటెండర్ వేషం వేసిన పిల్లాడు, మొత్తం నాటికలో నాలుగైదు మాటలు కూడా లేని వేషం వాడిది, నెమ్మదిగా వెళ్లి తలుపుకి అడ్డంగా కూర్చున్నాడు. "పగలగొట్టండి బాబూ, కాకపోతే తాత వచ్చి దీన్ని ఎవరు కట్టించారో చెప్పేదాకా నేను లేవను" అన్నాడు. ఆ మాట పుస్తకంలో ఎక్కడా లేదు. కుడివైపు వింగ్‌లో తన క్యూ, అంటే తను స్టేజీ మీదకి రావాల్సిన గుర్తు మాట, పోయిందని ఏడుపు మొహంతో ఉన్న తాత కర్ర తాటించుకుంటూ వచ్చేశాడు. లైట్ల అబ్బాయి కూడా తెలివిగా, ఒక్కసారిగా కాకుండా తాత నడకతో పాటే లైట్లు పెంచుకుంటూ వచ్చాడు. తలుపుకి అడ్డంగా కూర్చున్నందుకు హాల్లో చప్పట్లు కొట్టారు, రాసిందే అనుకున్నారు. తర్వాత నాటిక ఒక్క మాట పొల్లుపోకుండా నడిచింది. తెర పడ్డాక సారు అందరికంటే ముందు ప్రెసిడెంటు అబ్బాయి దగ్గరికి వెళ్లారు, అటెండర్ దగ్గరికి కాదు. ప్రెసిడెంటు అబ్బాయే బావురుమని ఏడుస్తున్నాడు మరి. తప్పు గురించి ఒక్క మాట అనలేదు, "తాత వచ్చాక నువ్వు వెనక్కి రెండడుగులు వేశావు చూడు, ప్రెసిడెంటు సందేహించాడని అక్కడ తెలిసింది" అన్నారు. మేష్టరంటే ఇలా ఉండాలని నాకు అనిపించింది.

వాచికం, అంటే డైలాగు పలికే తీరు, నేర్పే మేడం గురించి కూడా చెప్పాలి. రేడియో నాటకాల్లో చేసిన ఆవిడ. అరవమని ఎప్పుడూ అనరు, వాక్యం చివరిదాకా ఊపిరి దాచుకోమంటారు. మనకి క్రియ చివర్లో వస్తుంది, వస్తానన్నాడో రానన్నాడో అక్కడే తేలేది, పిల్లలేమో చివరి అక్షరాలే మింగేస్తారు. మా అమ్మాయి ఫోన్లో మాట్లాడటం కూడా దీంతో మారింది.

ఇక అభ్యంతరాలు. ప్రాంప్టింగ్ ఉండదు అని పైన రాశాను కదా, పోటీలకి వెళ్లినప్పుడు మాత్రం ఉంటుంది. కిందటేడు బయట ఊళ్లో పోటీకి వెళ్తే వింగ్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ పుస్తకం తెరిచి నిలబడింది, రెండుచోట్ల మాట అందించింది కూడా. జడ్జీలున్నారు, టైమ్ లిమిట్ ఉంది, రిస్క్ తీసుకోలేం అన్నారు. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకి విడిగా విభాగం ఉంది, అక్కడిదాకా వెళ్లాలని వాళ్లకి ఆశ, ఆ ఆశ నాకు అర్థమవుతుంది. కానీ పోటీ సీజన్ వస్తే మింగుడు ఆట ఆగిపోతుంది, గట్టి గొంతున్న పిల్లలకే పెద్ద వేషాలు వెళ్తాయి. ఆ రెండు నెలలూ వాళ్లు వేరే మాస్టర్లలా ఉంటారు, అది నాకు బాధగానే ఉంది.

ఇంకోటి, డైరెక్టర్ సారు ఏదీ చేసి చూపించరు. చూపిస్తే కాపీ కొడతారని ఆయన వాదన. మా అమ్మాయిలాంటి వాగుడుకాయకి అది బాగానే పనిచేసింది. బిడియపడే పిల్లలు మాత్రం నెలల తరబడి మూల కూర్చోవడం చూశాను, కొందరు మానేశారు కూడా. అలాంటివాళ్లని దగ్గరికి తీసేది పద్యం నేర్పే పెద్ద మేష్టారు. హార్మోనియం ముందు కూర్చోబెట్టుకుని, ముందు తను పాడి, వెంట పాడించి, పాట వంకన గొంతు విప్పిస్తారు. ఆయనకి వారంలో ఒక్క గంటే ఇస్తున్నారు, అది చాలదు.

పిల్లలు మాటలు కల్పించడం అలవాటయ్యాక అవసరం లేనిచోట కూడా కల్పిస్తారు, ఒక రచయిత నాటిక చూసి నేను రాసింది ఇది కాదే అని నొచ్చుకున్నారు. ఆయన మాటలోనూ న్యాయముంది. తేదీల గోల ఒకటి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం, ఆ రోజు నాటిక పడాల్సిందే అంటారు. సరిగ్గా చిన్న తరగతుల పరీక్షలప్పుడే వస్తుంది. మాస్టర్లంతా వేరే ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు వచ్చేవాళ్లే, రిహార్సల్ మొదలయ్యేసరికే ఆలస్యం, పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర. మాది సత్యనారాయణపురం, దగ్గర, పైగా నేను అక్కడే ఉంటాను కాబట్టి సరిపోయింది. ఉయ్యూరు, కంకిపాడు నుంచి వచ్చేవాళ్లకి చేర్చమని నేను చెప్పలేను.

సినిమా ఆడిషన్లకి పనికొస్తుందా అని అడిగితే, ఆ పని వాళ్లు చెయ్యరు. మీ పిల్లలు మాటకారులైతే కళ్లు మూసుకుని చేర్చండి, నెమ్మదస్తులైతే ఏ మేష్టారి దగ్గర ఎక్కువసేపు ఉంచుతారో ముందే అడగండి. మా అమ్మాయి ఈ ఏడు పది కాబట్టి మాన్పిస్తున్నాను, పరీక్షలయ్యాక పంపిస్తాను. మా చిన్నవాడు మూగనోము పట్టినట్టుంటాడు, వాణ్ణి జూన్‌లో చేర్పించాలని ఉంది, పద్యం మేష్టారికి ఇంకో గంట ఇస్తామంటేనే.