నీళ్ల గ్రైండరు, గొడ్డలి జిగ్: మూడేళ్ల వాడకం తర్వాత

ఇది నీళ్లలో తడుస్తూ తిరిగే రాయితో పనిముట్లకు సాన పట్టే మెషిన్. గొడ్డలిని రాయి మీద ఒకే కోణంలో పట్టి ఉంచే బిగింపు, అంటే జిగ్, ఆ ఒక్కదాని కోసమే ఈ మెషిన్ మళ్లీ కొనమన్నా కొంటాను. కారణం మా నాన్న గొడ్డలి.

కర్ణాటకలోని చింతామణి దగ్గర మాకు మామిడి తోట ఉంది. కొమ్మలు నరికే గొడ్డలి అక్కడి కమ్మరి చేసిందే. బెంగళూరు ఎలహంకలో ఇల్లు కట్టుకున్న కొత్తలో ఎస్పీ రోడ్డులో మామూలు బెంచ్ గ్రైండరు కొని, దాని మీద ఆ గొడ్డలికి సాన పట్టాను. నిమిషానికి 2,850 చుట్లు తిరిగే రాయి అది. చూస్తుండగానే అంచు నీలంగా మారింది. అంత వేడి తగిలితే ఉక్కు మెత్తబడుతుంది. తోటలో రెండు దెబ్బలకే అంచు మడత పడింది. "కమ్మరి పెట్టిన పదును చంపేశావు కదరా" అన్నారు నాన్న. ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది.

ఈ నీళ్ల గ్రైండరు రాయి నిమిషానికి 90 చుట్లే తిరుగుతుంది, కింది భాగం నీళ్లలోనే ఉంటుంది. కాలడమనే భయం లేదు. కానీ నీలం పోయేదాకా దాదాపు 3 మిల్లీమీటర్లు అరగదీయడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

జిగ్‌తోనే అసలు టెన్షన్ వచ్చింది. మన గొడ్డలి చెంపలు, అంటే రెండు పక్కలు, సమంగా ఉండవు, అంచు వైపు సన్నబడుతూ పోతాయి. ఎంత బిగించినా జారేది, రుద్దిన ప్రతిసారీ కోణం మారేది. తిరిగి ఇచ్చేద్దామనుకుంటుండగా పాత సైకిల్ ట్యూబు కనిపించింది. రెండు ముక్కలు కోసి చెంపలకు అటూ ఇటూ పెట్టి బిగించాను. ఇక కదల్లేదు! అంచుకు నల్ల మార్కర్ పూసి, రాయిని చేత్తో ఒక చుట్టు తిప్పి, రంగు ఎక్కడ చెరిగిందో చూసి, జిగ్ ఆనే కడ్డీని సర్దాను. రెండు వైపులా కలిపి 30 డిగ్రీలు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ బిగిస్తే రాయి సరిగ్గా పాత చోటే తాకింది, ఐదు నిమిషాల్లో పని అయిపోయింది. ఆ రోజు నాన్న అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆనించి చూసి, ఏమీ అనకుండా తోటకు తీసుకెళ్లిపోయారు.

ఒకసారి కొలత కుదిరితే ఇక చూడక్కర్లేదని అప్పట్లో అందరికీ చెప్పాను. అది నిజం కాదు. 250 మిల్లీమీటర్ల రాయి ఇప్పుడు 238కి అరిగింది. అరిగే కొద్దీ కోణం మారుతుంది కాబట్టి ప్రతిసారీ మార్కర్ పూసి చూసుకోవాలి. తొట్టిలో నీళ్లు కూడా వదిలేయకూడదు. ఒకసారి ఊరెళ్లి వచ్చేసరికి రాయి ఒక పక్కే నీళ్లు తాగి, సమంగా తిరగకుండా పోయింది.

కత్తుల జిగ్ గురించి ఇంత గట్టిగా చెప్పలేను. వెన్ను పలచగా ఉన్న కత్తి అందులో మధ్యకు కుదరదు, ఒక వైపు అంచు వెడల్పుగా, రెండో వైపు సన్నగా వస్తుంది. "గుమ్మడికాయ కోస్తుంటే కత్తి పక్కకు లాగుతోంది" అని అమ్మ చెప్పాకే నాకు తెలిసింది. ఇప్పుడు మందపాటి కత్తులే దీని మీద పెడుతున్నాను. కత్తిపీట అసలు ఇందులో పట్టదు, దానికి మా వీధికి సైకిల్ మీద వచ్చే సాన పట్టే ఆయనే దిక్కు.

నాకు తోట ఉంది, రెండు గొడ్డళ్లున్నాయి, మెషిన్ పెట్టుకోవడానికి వెనక రేకుల షెడ్డుంది. ఫ్లాట్‌లో ఉంటూ రెండు వంటింటి కత్తుల కోసం అడిగేవాళ్లకు మాత్రం కొనమని చెప్పలేకపోతున్నాను.