పది మీటర్ల గ్రిడ్‌తో తొమ్మిదేళ్లు

కాంటూరు మ్యాపుకు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను రేఖలతో కలిపి చూపే పటానికి, ఎంత దూరానికొక పాయింటు తీయాలని (నేల ఎత్తు కొలవాలని) ఎవరడిగినా ఒకప్పుడు తడుముకోకుండా ‘10 మీటర్లు’ అనేవాణ్ని. మొదట టోటల్ స్టేషన్‌తో (కోణాలు, దూరాలు కొలిచే పరికరం), తరవాత ఆర్‌టీకే రోవర్‌తో (ఉపగ్రహాల సాయంతో స్థానం, ఎత్తు చూపేది) తొమ్మిదేళ్లుగా, నేలను సమానమైన గళ్లుగా విడదీసి గళ్ల మూలల్లో పాయింట్లు తీసే గ్రిడ్ పద్ధతినే వాడుతున్నాను. ఇప్పుడైతే కాంటూరు అంతరం (పక్కపక్క రేఖల మధ్య ఎత్తు తేడా) ఎంత, నేల ఎలా ఉందని నేనే ఎదురడుగుతాను.

ఒకే వాలుగా సాగే నేల మీద గ్రిడ్‌కు వంక పెట్టలేను. కొత్త కుర్రాడికి అప్పగించినా పాయింట్లు వదిలేయడు. అయితే దూరాన్ని సగానికి తగ్గిస్తే పని దాదాపు నాలుగింతలవుతుంది. హెక్టారు చదరానికి 20 మీటర్ల గ్రిడ్‌లో 36 పాయింట్లు, 10కి 121, 5కి 441. పైగా ఒక శాతం వాలులో కొలిచిన ఎత్తు 5 సెంటీమీటర్లు తప్పితే చాలు, రేఖ 5 మీటర్లు పక్కకు జరుగుతుంది. ఆ తప్పును ఎంత దట్టమైన గ్రిడ్డూ సరిచేయదు.

నా భ్రమ వదిలించింది ఒక కాలువ. వెడల్పు 3 మీటర్లు, గ్రిడ్ వరసలకు ఏటవాలుగా పోతోంది. కొన్ని పాయింట్లు అడుగున పడ్డాయి, చాలావరకు గట్లు దాటి అవతల పడ్డాయి. మ్యాపులో కాలువ లేదు, దాని బదులు వరసగా గుంటలు! సాఫ్ట్‌వేర్ తప్పేమీ లేదు. మూడు పాయింట్ల మధ్య నేల చదునైన పలక అనుకుని త్రిభుజం గీయడమే దాని పని. కాలువ ఉందని చెప్పాల్సింది నేను.

అప్పటినుంచి ముందు నేలంతా ఒకసారి నడుస్తాను. గట్టు పైఅంచు, కాలువ అడుగు, వాలు విరిగే చోటు, వీటి వెంట పాయింట్లు తీసి బ్రేక్‌లైన్లుగా, అంటే త్రిభుజాలు దాటకూడని గీతలుగా, కలుపుతాను. మిగతా చోట 20 మీటర్ల గ్రిడ్ వేస్తాను. హద్దు దాటి ఇంకో వరస కూడా తీస్తాను, లేకపోతే అంచుల్లో రేఖలు తోచినట్టు వంకర్లు పోతాయి.

చివర్లో ఎక్కడెక్కడో ఇరవై పాయింట్లు తీసి, సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వకుండా మ్యాపుతో పోల్చుకుంటాను. ఇరవైలో పద్దెనిమిదైనా కాంటూరు అంతరంలో సగం లోపు తేడాతో రావాలి. గట్లున్న నేలల్లో ఒట్టి 10 మీటర్ల గ్రిడ్ చాలాసార్లు ఇక్కడే దొరికిపోయింది. బ్రేక్‌లైన్లతో వేసిన 20 మీటర్ల గ్రిడ్ నన్ను మళ్లీ పొలానికి పంపింది ఒక్కసారే, అదీ గడ్డిలో దాగిన గొయ్యి వల్ల.